రెండు వేళ్లతో సాగదీసిన ఫోటో

మీరు ఒక ఫోటోను గోడ మీద, నిలబడి, తీరిగ్గా చూసి ఎన్నాళ్లయింది? చెప్పొద్దులెండి. మొన్నటిదాకా నేనూ మీ జట్టే. నిన్న కర్నూల్లో నా పరువు పోయాక జట్టు మారినా.

ఆలూరులో ఫోటో స్టూడియో నడిపే రంగన్న, తన ఫోటోలు పెద్దగా ప్రింటు వేయించి కర్నూల్లో ఒక హాల్లో పెట్టాడు. అందులో ఒకటి మా కాలేజీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. శనక్కాయ చేను, వరసగా ఆడవాళ్లు. డిబేట్లో కప్పు గెలిచిన నోరు ఊరుకుంటుందా? "ఎర్రమట్టి తప్ప ఇందులో ఏముంది? ఫోన్లో చూసేశాం, ఇంక బస్సెక్కి పోవాలా?" అని రాసిపడేశా. గ్రూపంతా చప్పట్లు.

నిన్న ఆ మాటే ఆయన మొహాన చెప్పి గెలుద్దామని పోయినా. హాల్లో రంగన్న ఒక్కడే ఉన్నాడు. కాలేజీ పిల్లోళ్లు వస్తామన్నారంట, ఎందుకో రాలేదంట. ఎందుకో నాకు తెలుసు.

ఆ ఫోటో ముందు నిలబడ్డా. తలుపంత ఉంది. ఫోన్లో చుక్కలుగా ఉన్నవాళ్లకు ఇక్కడ మొహాలున్నాయి. ఒకామె తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకుంది. దూరంగా ఇంకొకామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఎందుకు నవ్వుతోందో చూడాలని ప్రాణం లాగింది. అంతే, రెండు వేళ్లు అద్దం మీద ఆనించి సాగదీశా. ఫోటో కదల్లేదు. నెట్ స్లో అయిందేమో అన్నట్టు మళ్లీ సాగదీశా!

వెనక నుంచి రంగన్న నిదానంగా అన్నాడు: "అది సాగదు పాపా. నువ్వే దగ్గరికి పోవల్ల."

పోయినా, ముక్కు అద్దానికి తగిలేంత. నవ్వేటామె పక్కన ఒక ముసలామె. చెంప ఇంత ఉబ్బి ఉంది. చేను ఆసామి అటు తిరిగిన సందులో పచ్చి శనక్కాయలు నోట్లో కుక్కుకుంది! ఆ ఒక్క చెంప కోసం ఆలూరు దాకా నడిచి పోవచ్చు.

ఆ కామెంట్ రాసింది నేనేనని ఒప్పుకున్నా.

"తెలుసులే, నాకూ ఎవరో పంపినారు," అన్నాడు. "ఆదివారం ఆ ఆడోళ్లే వాళ్ల ఫోటో చూసేకి వస్తాండారు. మట్టి తప్ప ఏం లేదని వాళ్లకీ చెప్తావా?"



అందుకే అడుగుతున్నా. ఆదివారం వాళ్లొచ్చేసరికి ఆ హాలు ఖాళీగా ఉండకూడదు. ఫోన్ సంచిలో పడేసి మీరంతా రండి. శనక్కాయ చేను ఫోటో అద్దం మీద రెండు వేళ్ల మరకలు కనపడితే, ఎవరివని అడక్కుండా కాస్త తుడిచిపెట్టండి.