మూడు గొంతుల తాళం

ఎండు చేపల వాసన బస్సులోకి ఆమె కంటే ముందే ఎక్కింది. ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సు. గోనెసంచీని కాళ్ల మధ్య ఇరికించుకుని నా పక్కన కూర్చున్న ఆ పెద్దావిడ చేతిలో ఫోను టింగుమంది. దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టి చూసింది, దూరంగా పెట్టి చూసింది, చివరికి నా ముఖం ముందుకు తెచ్చింది. "బాబూ, ఏటో నంబరొచ్చిందంట, కాస్త సదివి పెట్టు. మా కోడలు లైన్లో ఉన్నాది, దానికి సెప్పాల." నేను చదివాను. ఆమె ఒక్కొక్క అంకెనూ బస్సంతా వినేలా ఫోనులోకి అరిచింది. ఆ అంకెల కిందే, ఈ నంబరును ఎవరికీ చెప్పవద్దని రాసి ఉంది. ముందు సీట్లో కుర్రాళ్లు పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సలోమి మేడమ్ గుర్తొచ్చారు, ఒళ్లు మండింది. నవ్వవలసింది ఆ పెద్దావిడను చూసి కాదు. ప్రతి మనిషికీ ఒక సొంత ఫోను, దాన్ని చదివే కళ్లు, పక్కన ఎవరూ లేని ఏకాంతం ఉంటాయని లెక్కగట్టి ఆ నంబరు అనే తాళాన్ని తయారుచేసినవాళ్లను చూసి నవ్వాలి. మనుషుల సంఖ్యను ఫోన్ల సంఖ్యతో భాగించి ఒకటి అని జవాబు రాసుకున్నారు వాళ్లు. మా జిల్లాలో ఆ భాగహారం ఎప్పుడూ ఒకటి రాలేదు.

సలోమి మేడమ్ విజయనగరంలో ఒక కాలేజీలో చాలాకాలం లెక్కలు చెప్పారు. బాప్టిస్టు చర్చి కుటుంబం, తండ్రి పాస్టరు. పెళ్లి చేసుకోలేదు. కాలేజీ వదిలేసి, ఫోను ద్వారా మాటలు చేరవేసే సాఫ్ట్‌వేరు తయారుచేసే చిన్న కంపెనీ పెట్టారు. కంపెనీ అంటే ఒక మేడ మీద రెండు గదులు, నలుగురైదుగురు మనుషులు. నేను అప్పటికి ఆమదాలవలసలో ఒక ధాన్యం కొట్టులో పనిచేసేవాణ్ణి. తేమ ఎంత, తరుగు ఎంత అనే లెక్కలు నోటితో కట్టేవాణ్ణి. ఇంటర్ దగ్గరే చదువు ఆగిపోయినా, పాత పుస్తకాల షాపుల్లో దొరికిన పుస్తకాలతో గణాంకాలు నాకు నేనే నేర్చుకున్నాను. ఎవరో బంధువుల ధాన్యం విషయమై కొట్టుకు వచ్చిన ఆమె, నేను లెక్క కట్టడం కాసేపు నిలబడి చూశారు. "ఎక్కడ సదివావు?" అని అడిగారు. "ఎక్కడా లేదండి." "అయితే ఎవరూ నిన్ను పాడు సెయ్యలేదన్నమాట. నా దగ్గరికి వస్తావా?" అన్నారు. ఉద్యోగంలోకి అలా వెళ్లాను. ఏదైనా తయారైతే అది ఎక్కడ విఫలమవుతోందో, ఎంతమంది దగ్గర విఫలమవుతోందో లెక్కించి చెప్పడం నా పని. "బాగున్నాది అని సెప్పడానికి బోలెడుమంది ఉన్నారు రాజూ. నువ్వు బాగులేనిది సెప్పు," అనేవారు.

హైదరాబాదులోని ఒక పెద్ద కంపెనీ మాకు ఒక పని అప్పగించింది. శ్రీకాకుళం తీరంలో చేపలు అమ్ముకునే ఆడవాళ్లకు, ఏ రేవులో ఏ పడవ వచ్చింది, ఏం చేప పడింది అనే కబురు ఫోనులో మాటగా వినిపించాలి. విన్నవాళ్లు "నాకో తట్ట ఉంచండి" అని తమ పేరు మీద చెప్పుకోవచ్చు. ఆ కబురు అందని మనిషి తట్ట నెత్తిన పెట్టుకుని ఒక రేవుకు నడిచి వెళ్లి, అక్కడ ఏమీ లేక, ఇంకో రేవుకు నడిచేసరికి అక్కడ వేలంపాట అయిపోయి ఉంటుంది. ఆ రోజుకు ఆమెకు బేరం లేదు. తట్టను పేరు మీద ఉంచుతారు కాబట్టి, ఫోనులో లోపలికి వచ్చింది ఎవరో తెలియడం ముఖ్యం. అయితే ఆ పల్లెల్లో ఇంటిపేర్లు తక్కువ. పోలమ్మలూ నూకాలమ్మలూ వీధికి కొందరు. ఒకరి నుంచి ఒకరిని వేరు చేయడానికి మేడమ్ ఒక మార్గం ఆలోచించారు. మొదటిసారి ప్రతి స్త్రీ తన పేరు, ఇంటిపేరు, భర్త పేరు తన గొంతుతో చెప్పాలి. ఆ గొంతునే యంత్రం గుర్తుపెట్టుకుంటుంది.

కొద్ది రోజుల్లోనే లెక్కలు తేడా కొట్టాయి. ఒక పల్లెలో చేరిన పేర్లు చాలా, గొంతులు మాత్రం బాగా తక్కువ. ఒకే గొంతు అనేక పేర్లతో నమోదై ఉంది. నేను పట్టిక పంపగానే హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది, ఇవన్నీ దొంగ ఖాతాలు, తీసేయండి అని. మేడమ్ ఆ పట్టికను చాలాసేపు చూశారు. "దొంగలైతే గొంతు మారుస్తారు కదా. ఈల్లు మార్సలేదు. పద, ఎల్లి సూద్దాం."

రేవులో వలలు ఆరబెట్టిన చోట ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మేడమ్ పోలమ్మ అనే ఆమె చేతికి ఫోను ఇచ్చి, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు. పోలమ్మ గొంతు సర్దుకుని పేరు చెప్పింది, ఇంటిపేరు చెప్పింది. భర్త పేరు చెప్పండి అని యంత్రం అడగ్గానే టక్కున ఆగి, ఫోనును పక్కనున్న నూకాలు నోటి దగ్గర పెట్టింది. "ఒసే, నువ్వు సెప్పు." నూకాలు ఏ తడబాటూ లేకుండా "దానయ్య" అంది. యంత్రం చివరగా విన్న ఆ గొంతునే పోలమ్మ గొంతుగా తీసుకుంది. అక్కడ చాలామందికి భర్త పేరు చెప్పిపెట్టింది నూకాలే.

"నీ మొగుడి పేరు నువ్వే సెప్పొచ్చు కదా పోలమ్మా, నోట్లో పురుగులు పడతాయా?" అన్నారు మేడమ్.

"పురుగులేటమ్మా, మా అత్త పడతాది మీద!"

రేవంతా నవ్వింది. మేడమ్ నెత్తి కొట్టుకున్నారు. "నాకు మొగుడు లేడు కాబట్టి ఇది తట్టలేదు. పెళ్లాం ఉన్న నీకైనా తట్టాలి కదా రాజూ! మీ ఆవిడ నీ పేరు పెట్టి పిలుస్తాదేటి?" నా భార్య నన్ను 'ఇదిగో' అని పిలుస్తుంది. ఆ సంగతి చెప్పాక ఇంకోసారి నవ్వారు.

వెనక్కి వచ్చే దారంతా మేడమ్ కాగితం మీద ఏవో గీతలు గీస్తూనే ఉన్నారు. మర్నాడు ఆఫీసుకు వచ్చి, "వాళ్లు తప్పు సెయ్యలేదు. మనకి దారి సూపించారు," అన్నారు. పోలమ్మ ఎవరో చెప్పడానికి పోలమ్మ ఒక్కతే చాలదు, పక్కవాళ్లు చెప్పాలి. తీరంలో ఆ పద్ధతి ముందు నుంచీ ఉంది. ఒకామె జ్వరంతో రాకపోతే తోడు మనిషి ఆమె పేరున పాట పాడుతుంది, ఆ మాట చెల్లుతుంది. దాన్నే మేడమ్ తాళంగా మార్చారు. ఎవరి ఫోను నుంచైనా సరే పోలమ్మ తన పేరు చెబుతుంది. ఆ వెంటనే, అదే ఫోనులో, ముందే చెప్పుకున్న తోడు మనుషులు ఇద్దరు "ఇది మా పోలమ్మే" అంటారు. మూడు గొంతులూ కలిస్తే తలుపు తెరుచుకుంటుంది. అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, చదువు అక్కర్లేదు, సొంత ఫోను అక్కర్లేదు.

నా పని నేను చేశాను. "ముగ్గురూ కలిసి మోసం చేస్తేనో?" అని అడిగాను.

"సేస్తే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతాది. నీ నంబరు ఎవడో దొంగిలిస్తే ఎవరికి తెలుస్తాది?"

నెలల తరబడి పరీక్షించాం. ఆమె నన్ను ఒక్క అంకె కూడా నమ్మకం మీద వదలనివ్వలేదు. గాలి హోరులో పనిచేస్తుందా, జలుబు చేస్తే పనిచేస్తుందా, తోడు మనుషులు పోట్లాడుకున్న రోజు ఏమవుతుంది అని అన్నీ చూశాం. ఆ చివరిదానికి పోలమ్మే సమాధానం చెప్పింది. "తిట్టుకుంటాం బాబూ. తిట్టుకుంటూనే సెప్తాం." అలాగే జరిగింది. ఒకరోజు నూకాలు, "ఇది ఆ దిక్కుమాలిన పోలమ్మే" అంది. యంత్రం తలుపు తీసింది. ఆ సంవత్సరం పోలమ్మ ఉత్త తట్టతో తిరిగి రావడం నేను చూడలేదు.

హైదరాబాదు వాళ్లకు మేడమ్ అంతా వివరించారు, బొమ్మలు గీసి మరీ. వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మా ఒప్పందం ముగిసిందనీ, పని తామే చూసుకుంటామనీ తెలియజేశారు. కొన్నాళ్లకు ఆ మొత్తం ఏర్పాటు తీసేసి, ఓటీపీ పెట్టారు. ఒక మనిషికి ఒక నంబరు, అదే ప్రామాణికం అన్నారు. మేడమ్ ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. పట్టు వదలకుండా అడిగి అడిగి, చివరికి ఒక పెద్ద అధికారితో వీడియో సమావేశం సంపాదించారు. ఆ రోజు పోలమ్మను తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టారు.

అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, మీకు ఓటీపీ వస్తుంది కదా? అది చెబితే సరిపోతుంది."

"వస్తాది బాబూ. మా ఆయన ఫోనుకి వస్తాది."

"మరి ఆయన్ని అడగండి."

"ఆయన ఏటకెల్లాడు. ఫోను ఆయన కాడే ఉన్నాది, నడిసముద్రంలో."

"ఆయన తిరిగి వచ్చాక అడగండి అమ్మా."

పోలమ్మ అతన్ని జాలిగా చూసింది. "ఆయన ఒడ్డుకొచ్చాక నాకు కబురెందుకు బాబూ? పడవ నా కళ్లెదురుగానే ఉంటాది కదా!"

అటువైపు ఎవరో నవ్వు ఆపుకున్నారు. అధికారి మాత్రం, ఇలాంటివి ప్రత్యేక సందర్భాలనీ, కొద్దిమందికే వస్తాయనీ అన్నాడు. కొద్దిమంది! ఆ తీరం లెక్క నా దగ్గర ఉంది. సొంత ఫోను ఉన్న ఆడవాళ్లే అక్కడ ప్రత్యేక సందర్భం. ఆ మాట అనబోయాను కానీ మేడమ్ నా మోచేతి మీద చేయి వేసి ఆపారు. తెర ఆరిపోయాక, "అతనికి లెక్క తెలీక కాదు రాజూ. ఎవరిని లెక్కపెట్టాలో నిర్ణయించేసుకున్నాడు," అన్నారు. పోలమ్మ తట్ట తీసుకుని బస్సుకు వెళ్లిపోయింది. ఆ మర్నాటి నుంచి కూడా ఆమె రేవు నుంచి రేవుకు నడుస్తూనే ఉంది.

అసలు మంట ఆ తర్వాత. ఆ కంపెనీ వాళ్లు తమ మెసేజింగ్ యాప్‌లో ఒక కొత్త సదుపాయం తెచ్చారు. పాస్‌వర్డు మరిచిపోయిన నగరవాసులు తమ స్నేహితులిద్దరి మాటతో తిరిగి లోపలికి రావచ్చు. దానికి పేటెంటు కూడా తీసుకున్నారు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో పనిచేసే పరిచయస్థుడొకరు ఆ పత్రం చూపించారు. మా బొమ్మలే. పోలమ్మ ఉన్న చోట మొదటి వినియోగదారు, నూకాలు ఉన్న చోట సహాయక వినియోగదారు. ఆవిష్కర్తలుగా నలుగురి పేర్లు. వాళ్లలో ఒక్కరి కాలికీ మా ఇసుక అంటలేదు. సలోమి అనే పేరు ఎక్కడా లేదు. ఒప్పందం ప్రకారం అంతా వాళ్లదేనని లాయరు తేల్చేశాడు. హక్కు వాళ్లదే కావచ్చు. కానీ ఆలోచన పుట్టించిన మనిషి పేరును చెరిపేయమని ఏ ఒప్పందంలో రాశారు? నేను ఆఫీసులో గొంతు చించుకున్నాను. మేడమ్ నన్ను పూర్తిగా అరవనిచ్చారు.

"అయిపోయిందా? నా పేరు పోతే పోనీ. నాకూ బాధగానే ఉన్నాది, లేదని అనను. కానీ సూడు, తాళం చెవి పోగొట్టుకున్న వాళ్ల కోసం దాన్ని వాడుతున్నారు. తాళం చెవే లేని వాళ్లని బయట నిలబెట్టారు. కోపం తెచ్చుకుంటే దాని మీద తెచ్చుకో. అది నాలుగు కాలాలు నిలబడతాది."

ఆమె మరో రెండు కంపెనీల తలుపు తట్టారు. పేటెంటు భయంతో ఎవరూ ముట్టుకోలేదు. తన ఆలోచనను తానే వాడుకోవడానికి వేరొకరి అనుమతి కావలసి వచ్చింది. చిన్న కంపెనీ మూతపడింది. తర్వాత ఆరోగ్యం దెబ్బతింది. ఇప్పుడు ఆమె లేరు. సమాధి దగ్గర ఆమె చర్చి పాస్టరుగారు ఆమె వినయాన్ని గురించి మాట్లాడారు. నేను ఆ మాటకు ఒప్పుకోను. ఆమెది వినయం కాదు. కోపాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలిసిన మనిషి ఆమె. పోలమ్మ వెనక వరసలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు కూడా తట్టతోనే వచ్చింది.

నేనిప్పుడు విజయనగరంలో ఇంకో సంస్థలో అదే పని చేస్తున్నాను. ఆడవాళ్ల పొదుపు సంఘాలకు కబుర్లు పంపే కొత్త యాప్ ఒకటి సిద్ధమైంది. నేను సంతకం పెడితే విడుదలవుతుంది. లోపలికి వెళ్లే తెర చూసి, కోడ్ ఏ ఫోనుకు వెళ్తుందని అడిగాను. ఇంటి తరఫున నమోదైన ఒక్క నంబరుకు అన్నారు. నేను కలం మూసేశాను. మేనేజరు వయసులో నా కొడుకంత ఉంటాడు, చెడ్డవాడు కాడు. "ప్రపంచమంతా ఇలాగే ఉందండీ అప్పలరాజు గారూ. ఇందులో మీకేటి నష్టం?" అన్నాడు. నాకేమీ నష్టం లేదని చెప్పాను. సొంత ఫోను లేని ఆడమనిషిని ఒకరిని పిలిపించి ఈ గదిలో కూర్చోబెట్టమన్నాను. ఆమె ఎవరి సాయంతోనైనా సరే తన పేరున లోపలికి వెళ్లగలిగితే, ఆ క్షణమే సంతకం పెడతానన్నాను. అతను చిరాకుపడి వెళ్లిపోయాడు. పైనుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి. నా బల్ల ఎదుట, రావలసిన ఆ ఆడమనిషి కోసం వేయించిన ఖాళీ కుర్చీ ఉంది. దాని మీద ఎవరైనా ఫైళ్లు పెడితే తీసి పక్కన పెడుతున్నాను.