వేడెక్కిన బానెట్

మాదన్నపేటలో ఎవరు పాత డీజిల్ కారు కొనాలన్నా ముందు రాజన్నను వెంటబెట్టుకుని వెళ్లేవారు. బస్సు డిపోలో ముప్ఫై ఏళ్లు మెకానిక్‌గా పనిచేసిన మనిషి. కారు దగ్గరికి వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించేవాడు. వేడి తగిలిందా, ఇక ఆ కారు వద్దని వెనుదిరిగేవాడు. చల్లటి ఇంజన్ మొరాయిస్తుందని తెలిసినవాళ్లే ముందుగా వేడి చేసి పెడతారని ఆయన నమ్మకం.

2004లో నేను కారు కొనాలనుకుంటే, ఒక పొద్దున నాతో జల్‌పల్లి వచ్చాడు. కారు భాగ్యశ్రీ అనే ఆమెది. భర్త పోయి రెండు నెలలైంది. రాజన్న బానెట్ ముట్టుకుని మండిపడ్డాడు.

"ఏందమ్మా, మేం రాకముందే స్టార్ట్ చేసినవా? గిట్ల మోసం జేస్తరా?"

ఆమె తల వంచుకుంది. "మోసం గాదన్నా. ఆయన రోజూ ఎనిమిదింటికి బండి దీసేటోడు. ఇప్పుడు గా టైముకు నేనే స్టార్ట్ జేసి, ఇంట్ల కూసొని ఆ సప్పుడు ఇంటున్న."

రాజన్న చెయ్యి చాలాసేపు బానెట్ మీదే ఉండిపోయింది. తర్వాత నన్ను భుజం పట్టుకుని బయటికి నడిపించాడు.

నాకు ఒళ్లు మండింది. "ఇంజన్ చూడనేలేదు, ధర కూడా తక్కువే కదా!" అన్నాను.

"ఆమె ఇంకా అమ్ముతలేదు. మనమెట్ల కొంటం?" అన్నాడు.