పచ్చజొన్న కోసం ఖటక్ చించోళికి

మా రాష్ట్రం పేరు మైసూరు నుంచి కర్ణాటకగా మారిన కొత్తలో చేసిన ప్రయాణమిది. అంతకు ముందటి కరువులో దుబల్గుండిలోని మా ఇంట్లో విత్తనానికి దాచిన పచ్చజొన్నలు కూడా రొట్టెలైపోయాయి. మృగశిర కార్తెకు నాలుగు రోజులే ఉంది. ఆలోగా పాత విత్తనం దొరక్కపోతే చెలకంతా వ్యవసాయ ఆఫీసువాళ్ళిచ్చే సంకరజొన్నే వేస్తానని, అక్కడ సేద్యం చూసే తమ్ముడు కబురు పంపాడు. ఒకసారి వేశాడంటే ఇక పాతదాని మొహం చూడడు. ఖటక్ చించోళిలో మా మేనత్త కోడలు నాగమ్మ దగ్గర ఆ విత్తనం ఉంది.

ఉదయం ఆరున్నరకు నేనుండే బీదరులో భాల్కి బస్సెక్కాను. బస్సు మీద పాత పేరు చెరిపి కొత్తది రాశారు. రంగు ఇంకా వాసన వస్తోంది. పక్కన కూర్చున్న ధన్నూర ఊరి రైతు నా ఖాళీ గుడ్డసంచి చూసి సంగతి అడిగాడు.

"సర్కారే ఇత్తనమిస్తాంటే ఊర్లు పట్టి తిరుగుడెందుకు పెద్దాయనా? పచ్చజొన్న మీద గంత పావురమా, గంత ప్రేమనా?" అన్నాడు. వాళ్ళమ్మ కూడా ఆ రొట్టే అడుగుతుంటుందని తనే ఒప్పుకున్నాడు.

ఎనిమిదింటికి భాల్కి. అక్కడ టీ తాగి, మిర్చీ బజ్జీలు తిని, తొమ్మిదింటికి ఇంకో బస్సు పట్టుకున్నాను. పది దాటాక ఖటక్ చించోళిలో దిగాను.

నాగమ్మ ముందు భోజనం పెట్టి, తరువాత లోపలి అర్ర చూపింది. పేడతో అలికిన బుట్టలు వరుసగా ఉన్నాయి. ప్రతి బుట్ట పైన దూలానికి ఆనవాలుగా ఒక కంకి వేలాడుతోంది. ఒకటి పిడికిలిలా బిగిసి ఉంది. ఒకటి చీపురులా విచ్చుకుంది. దానికి వానలో బూజు పట్టదట. వగరుగా ఉండి పిట్టలు ముట్టని ఎర్రది, మల్లెమొగ్గలాంటి తెల్లది, నాగపంచమి పేలాలకని చిన్నగింజది. చివర పసుపు రంగు పచ్చజొన్న. దీని రొట్టె మరునాటికీ మెత్తగానే ఉంటుంది. చేను కోయకముందే నాగమ్మ సాలు వెంట నడిచి ఈ కంకులు ఏరుతుంది. రెవెన్యూ ఆఫీసులో ముప్పై ఏళ్ళు పహాణీల్లో వీటన్నిటికీ 'జొన్న' అని ఒకే మాట రాశాను. ఆ రోజు ఆమె చెబుతుంటే డైరీలో ఆరు పేర్లు రాసుకున్నాను.

సంచి చాపాను. నాగమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

"వదినె ఏది, అన్నా? మన ఇండ్లల్ల ఇత్తనం ఆడోళ్ళ ఒడిలకెల్లి ఆడోళ్ళ ఒడిలకే పోతది. సంచిల పోస్తే బజారు సరుకైతది. నీకు ఎరుక లేదా?"

ఎరుకే. మా అమ్మ అలాగే తెచ్చేది. సంచి, తాడు, డైరీ అన్నీ సర్దుకుని అసలు సంగతి మరిచాను. నా భార్య మోకాళ్ళ నొప్పులతో బస్సు మెట్లెక్కలేకపోతోందని చెప్పాను. ఉత్త చేతులతో పోతే తమ్ముడు అన్నంత పనీ చేస్తాడనీ చెప్పాను. నాగమ్మ తన కోడలికి పొయ్యి అప్పగించి, నాలుగు సేర్ల గింజలు కొంగులో మూటగట్టుకుంది.

"ఆమె రాలేకుంటే నేనొస్త. పా."

మూడున్నరకు బస్సెక్కాం. కండక్టరు మూట పైన వేయమన్నాడు.

"పైన ఏసేది లగేజి. ఇది ఇత్తనం. నా ఒడిలనే వస్తది," అంది నాగమ్మ.

ముందు సీటామె కొన్ని గింజలు అరచేతిలో పోయించుకుని, కళ్ళకద్దుకుని, తిరిగి మూటలోనే వేసింది. నాగమ్మా నేనూ చెబుతుంటే, భాల్కి చేరేసరికి సగం బస్సుకు ఆ ఆరు పేర్లూ వచ్చేశాయి. తహసీల్దారు జీపులో తిరిగిన రోజుల్లో కూడా నాకింత గర్వం కలగలేదు.

ఏడింటికి బీదరులో ఇల్లు చేరాం. నా భార్య నాగమ్మను చూడగానే ఏమీ అడగకుండా పీట మీద కూర్చుని ఒడి పట్టింది. గింజలు పోయడం అయ్యాక నా వైపు తిరిగి, "సంచి పట్టుకపోతాంటెనే అనుకున్న, ఉత్తదే తెస్తవని," అంది.

మరి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె నాగమ్మ వస్తుండెనా? ఆమెను చూడక ఎన్నేండ్లాయె!"

మరునాడు విత్తనానికి తమ్ముడు రాలేదు. ఒడి పట్టడానికి తన భార్యను పంపాడు.