తోట మీదుగా గీసిన రన్‌వే

నేను దాచుకున్నది ఒకే ఒక్క అబద్ధం. చిన్నదే. అయినా ఇరవై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. ఇల్లు మారినప్పుడల్లా సామానుతో పాటు అదీ వస్తోంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను. మీరు నన్నెరగరు, అది ఇద్దరికీ మంచిది.

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి ఏళ్ళలో కాకినాడ నుంచి డర్బన్ వచ్చాను, ఇంజనీరుగా. అక్కడి చిన్న విమానాల మైదానాలు కిక్కిరిసి ఉండేవి. శిక్షణ విమానాలు, చెరుకు మీద మందు చల్లేవి, షికారుకు తిరిగేవి, అన్నీ ఒకే రన్‌వే కోసం గాలిలో వరస కట్టేవి. వాటి కోసం ఉంజింటో అనే ఊరి దగ్గర కొత్త విమానాశ్రయానికి ప్లాను గీయడం నా పని. రన్‌వే గీత నేనే గీశాను. అందంగా వచ్చింది. దాని కింద ఒక కూరగాయల తోట ఉంది.

తోట ఒక పెద్దావిడది. ఆమె తాతలు మా వైపు నుంచే చెరుకు కూలికి వచ్చారట. డర్బన్‌లోని క్లెయిర్‌వుడ్‌లో ఉన్న ఇల్లూ నేలా ఫ్యాక్టరీల కోసం ఒకసారి ఖాళీ చేయిస్తే, ఇక్కడ కౌలుకు నేల పట్టి బీన్సు, కొత్తిమీర వేసుకుంది. కొలతలకు వెళ్ళినప్పుడల్లా నాకు టీ ఇచ్చేది. ఒకరోజు నోటీసు తెచ్చి చూపింది. అభ్యంతరాలుంటే నెలలోపు రాయమని. ఆమె బతుకులో ప్రభుత్వం ఆమెను ఒక మాట అడగడం అదే మొదలు.

“ఇంగ్లీషు నాకు వచ్చు నాయనా. నీకంటే బాగా వచ్చు,” అంది. “బట్ నువ్ తెలుగులో చెప్పు. నా తోట పోద్దా?”

“పోదు పెద్దమ్మా. రన్‌వే అటు పక్కగా పోతుంది.”

“లెటర్ రాయాలా, వద్దా?”

“అక్కర్లేదు.”

“యా, సరే. టీ తాగు, చల్లారిపోద్ది.”

ఆమె ఇంట్లో అందరిదీ ఇంగ్లీషే. తెలుగు ఆమెకు దేవుడికి దణ్ణం పెట్టడానికీ, మనవల్ని తిట్టడానికీ మిగిలిన భాష. ఆ రెండింటిలోనూ ఎవరూ అబద్ధమాడరు. అందుకే నమ్మింది.

ఉత్తరం వచ్చి ఉంటే గీత జరపాల్సి వచ్చేది. జరిపేవాణ్ణి కూడా. నాలుగు వారాల పని.

ఎందుకలా అన్నాను? అభ్యంతరాల్లేని నివేదిక మా ఆఫీసు పెద్దాయనకు ఇష్టమనా? ఆమె మొహం వాడిపోతే చూడలేకనా? రెండోదే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను, వినడానికి అది బాగుంటుంది కనుక. కానీ అంత మెత్తని మనసున్నవాడు ఆ నెలలో ఏదో ఒక రోజు వెళ్ళి, పొరపాటు పడ్డాను, ఉత్తరం రాయమని చెప్పి ఉండొచ్చు కదా. నేను చేసిందల్లా గడువెప్పుడు ముగుస్తుందా అని కేలండర్ చూడటం.

ఉత్తరం రాలేదు. నేలకు కంచె వేశారు. ఆమె డర్బన్ శివారు షాల్‌క్రాస్‌లో కూతురింటికి చేరింది. విమానాశ్రయం మాత్రం కట్టనేలేదు, ఇప్పటికీ కాగితం మీద చాలా బాగుంది.

ఒకసారి వెళ్ళాను, చెప్పేద్దామనే. వరండాలో ఖాళీ పెరుగు డబ్బాల్లో కొత్తిమీర పెంచుతోంది. నా చెయ్యి పట్టుకుని, “నీక్కూడా చెప్పలేదా నాయనా, వాళ్ళు?” అంది, మోసపోయింది నేనైనట్టు, నన్నే ఓదారుస్తూ.

లేదని తల ఊపాను. కొత్తిమీర కట్ట చేతిలో పెట్టింది. తెచ్చుకుని పచ్చడి చేసుకున్నాను కూడా.

ఆమె ఇప్పుడు లేదు. ఈ మాట చేరదు. చేరినా, క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అయినా ఒక్కసారి రాయనివ్వండి.

నాకొకరు చెప్పేదేముంది పెద్దమ్మా. నీ తోట మీద గీసింది నేనే. నువ్వడిగినప్పుడు నాకు తెలుసు.

ఇది రాసి, లేచి మంచినీళ్ళు తాగాను. మామూలుగానే గొంతు దిగాయి.