విజయశ్రీ, దొంగ కిటికీ

విజయశ్రీ ఇంగ్లీషు బంగళాలో దొంగతనానికి దారి చూసుకుంటోందట! అమెరికాలో మా అల్ఫారెట్టా ఊరి పార్కులో ఈ మాట ముందు నా చెవినే పడింది కాబట్టి, నిజమేమిటో తేల్చాల్సిందీ నేనే.

మా వీధి చివర ఆ బంగళా ఉంది. నూరేళ్ల కిందట ఓ బట్టల మిల్లు దొర ఇంగ్లండులో పాడుబడుతున్న ఇంటిని కొని, ఊడదీసి, ఓడకెక్కించి, ఇక్కడ మళ్లీ కట్టించాడట. ఇప్పుడది మ్యూజియం. వచ్చినవాళ్లకు విజయశ్రీ జీతం లేకుండా ఇల్లంతా చూపిస్తుంది. భర్త వీసా మీద వచ్చి, ఉద్యోగానికి వీల్లేక ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్న మనిషి. ఇప్పుడు గ్రీన్‌కార్డు వచ్చింది. వచ్చే నెల తాళాలు చేతికిచ్చి జీతం మీద పెట్టుకుంటారట. ఈ పుకారు అక్కడిదాకా పాకితే ఉద్యోగం హుళక్కే!

పుట్టించింది అప్పారావుగారు, కొడుకు దగ్గరికొచ్చిన పెద్దాయన.

“నాతోనే అందమ్మా! గోడ చూపించి, ఇది దొంగ కిటికీ అంది. దొంగలొచ్చే కిటికీ ఈవిడకెలా తెలుసు?”

“ఆ తర్వాతేమంది?”

“ఏమో, నేను కాఫీ ఎక్కడిస్తారో చూడ్డానికెళ్లా.”

మర్నాడు నేనే వెళ్లాను. నల్లటి చెక్కమెట్లు, మనిషి నిలబడేంత పొయ్యి, సున్నంతో లతలు తీర్చిన పైకప్పు చూపించి, విజయశ్రీ ఓ గోడ దగ్గర ఆగింది. కిటికీ చట్రం ఉంది, లోపలంతా ఇటుకే.

“పూర్వం ఇంగ్లండులో కిటికీల లెక్కన పన్ను వేసేవారట పిన్నిగారూ. అందుకని పూడ్చేశారు. చూడ్డానికే కిటికీ. దొంగ కిటికీ!”

దొంగ నిద్ర, దొంగ ఏడుపు లాంటిదన్నమాట.

అయినా నా అనుమానం తీరలేదు. సోమవారం బంగళాకి సెలవు. మొన్న సోమవారం కోడలి కారులో వస్తూ చూద్దును కదా, విజయశ్రీ సంచీ పట్టుకుని ఆ గుమ్మంలోనే ఉంది. తలుపు తీస్తుంది, మూస్తుంది, అటూ ఇటూ చూస్తుంది, మళ్లీ తీస్తుంది. ఇక ఉండబట్టలేక కారు ఆపించి, దిగి మొహం మీదే అడిగేశాను.

“విజయా, సెలవు రోజున ఆ ఇంట్లో నీకేం పనే? ఆ సంచీలో ఏముంది?”

“కొబ్బరినూనె పిన్నిగారూ, తాళంలో వేద్దామని! మేనేజరే తాళం చెవి ఇచ్చి నేర్చుకోమంది. జానెడు చెవి, ఎడమకి తిరుగుతుంది, నా చేతికి లొంగి చావదు. శుక్రవారం వాళ్ల ముందు తాళం వేసి చూపించకపోతే ఉద్యోగం ఇంకొకరికిస్తారు. అడగనే అడిగారు కదా, వచ్చి ఆ తలుపు కాస్త భుజంతో నొక్కిపట్టండి!”