నుదుటి మీద రాసిన టైము

యుద్ధం రోజుల మాట ఇది. శాలిబండలో పొద్దున పాలు పిండి, బర్రెను గల్లీలోకి తోలుతున్నాను. మోటారు హారన్‌కు అది బెదిరి నన్ను పక్కింటి రేకు కంచెకేసి నెట్టింది. నొప్పి పెద్దగా తెలియలేదు. చెప్పులోకి వెచ్చగా ఏదో దిగుతోందనిపించి కిందికి చూశాను. పిక్క తెగి నెత్తురు చిమ్ముతోంది.

ఆ రేకు పెట్టింది పక్కింటి రంగయ్య సేటే. మా పేడనీళ్లు ఆయన గడప ముందుకు వస్తున్నాయని ఏడాదిగా లొల్లి. పత్తర్‌గట్టిలో తన బట్టల దుకాణం తెరవడానికి బయలుదేరినవాడు నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు. బాంబులు పడితే ఏం చేయాలో దుకాణదారులకు ఫస్ట్ ఎయిడ్ నేర్పుతున్నారని విన్నాను గాని, ఈయనా నేర్చుకున్నాడని తెలియదు. నా మోకాలి పైన కండువా బిగించి, దుకాణం తాళంచెవి అందులో దూర్చి మెలితిప్పాడు. ప్రాణం పోయినంత పనైంది. నెత్తురు మాత్రం ఆగింది. తర్వాత జేబు గడియారం చూసి, బట్టల మీద గుర్తులు పెట్టే ఊదారంగు పెన్సిల్‌ను నాలుకకు అద్ది, అప్పటికే పరుగెత్తుకొచ్చిన మా అమ్మ చూస్తుండగా నా నుదుటి మీద ఏదో గీశాడు.

రేకు పెట్టినవాడే ఇంత ప్రేమ ఒలకబోస్తే ఎవరు నమ్ముతారు? పోలీసుల భయంతో వేషాలేస్తున్నాడనుకున్నాను. మా అమ్మతో టాంగా ఎక్కబోతుంటే "నువ్వు రాకు సేటూ" అని ముఖం మీదే అన్నాను.

దారిలో మా అమ్మ, "గిది మంచి బొట్టు గాదు బిడ్డా, వాడేందో చేసిండు" అంటూ తడి కొంగుతో నా నుదురు రుద్దింది. నేనూ వద్దనలేదు. దిష్టి తీయించడానికి ఒకచోట టాంగా ఆపింది. అక్కడ ఎంతసేపున్నామో ఇద్దరికీ గుర్తులేదు.

దవాఖానాలో డాక్టర్ నుదుటి మీది మరక చూసి ఆగిపోయాడు.

"ఇక్కడ ఈ నెత్తురాపే కట్టు, టూర్నికే, బిగించిన టైము రాసి ఉండాలి. ఎవరు తుడిచారు? ఎంతసేపైందో తెలియకుండా ఎట్లా విప్పాలి? మరీ ఆలస్యమైతే కాలు తీసేయాల్సి వస్తుంది."

మా అమ్మ ఏడుపు అందుకుంది.

అంతలో గుమ్మం దగ్గర సేటు కనిపించాడు. రావద్దన్నా ఇంకో టాంగాలో వచ్చాడు. చొక్కా చేయి మడిచి డాక్టర్ ముందు చాపాడు. ముంజేతి మీద ఊదారంగులో 8-10 అని ఉంది.

"వీళ్ల మీద నాకు నమ్మకం లేదు డాక్టర్ సాబ్. ఆ ముసలామె తుడుస్తదని రాసేటప్పుడే అనుకున్న. గందుకే ఈడ గూడ రాసుకున్న."

డాక్టర్ గడియారం చూశాడు. "ఇంకా టైముంది. ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లండి."

నాలుగో రోజు జ్వరం వచ్చింది. సెప్టిక్ అన్నారు. "కాలు ఉంటుందా?" అని రోజూ అడిగితే డాక్టర్ "చూద్దాం" అనేవాడు. ఏదో దాస్తున్నాడని దుప్పటి ఎత్తి వేళ్లు కదిపి చూసుకునేవాణ్ణి. రెండు నెలలకు నా రెండు కాళ్లతోనే ఇల్లు చేరాను.

ఇప్పుడు కొంచెం కుంటుతూ పాలు పోస్తున్నాను. సేటు రేకు తీసి గోడ కట్టాడు. ఆ గోడ మా వైపు జానెడు జరిగిందని నా అనుమానం. ఆయన మమ్మల్ని అనుమానించబట్టే నా కాలు మిగిలిందని తలచుకుంటే మాత్రం సిగ్గేస్తుంది.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. గాయానికి కట్టు కట్టినవాడు ఎంత గిట్టనివాడైనా దవాఖానాకు వెంట తీసుకెళ్లండి. ఏం చేశాడో, ఎన్నింటికి చేశాడో చెప్పగలిగేది అతనే. లొల్లి ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చు.