శీనన్న నెమ్మది చేసిన కోడ్

శీనన్న నాకు ఫోన్ చేసే ముందు ఎప్పుడూ మెసేజ్ పెట్టేవాడు. "ఫోన్ చెయ్యనా చెల్లె?" అని. ఫోన్లో మాట్లాడాలంటే నాకు భయమని ఆయనకు తెలుసు.

నిన్న పొద్దున మెసేజ్ లేకుండానే ఆయన నంబర్ మోగింది.

లావణ్య వదిన. "మీ అన్న లేడు దివ్యా," అంది. నిద్రలోనే గుండె ఆగిందట.

నేను "సరే వదినా" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

ఆయన నాకు సొంత అన్న కాదు. ఆఫీసులో సీనియర్. సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మన తెలుగువాళ్ల ఇంట్లో, ఉన్ అనే పేటలో పెరిగాడు. ఆ సాంచాలకే మా కంపెనీ కంట్రోల్ బోర్డులు చేస్తుంది. బోర్డు లోపల నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి కెర్నల్, అంటే దాని మూల కోడ్, రాసింది శీనన్నే.

ఒక ఆదివారం రెండు కుటుంబాలూ కలిసి డుమస్ బీచ్‌కి వెళ్లాం. టమాటా భజియా తింటూ మా అమ్మ అడిగింది, అసలు నువ్వు చేసే పనేంటి శీనూ అని.

"పొయ్యి మీద పాలున్నయ్ చిన్నమ్మా. ఎవరో తలుపు కొట్టిండ్రు. పని ఎక్కడ ఆపినవో గుర్తు పెట్టుకోవాలె, పోయి తలుపు తీయాలె, మల్ల అక్కడ్నుంచే చెయ్యాలె. గా తలుపు కొట్టుడే ఎక్సెప్షన్. దారం తెగితే కొడ్తది. ప్రోగ్రాం తప్పు చేస్తే కొడ్తది. వంటిల్లంత సర్దుకుంట కూసుంటే సాంచా మీద బట్ట ఖరాబ్. గరిటె చేతిల పట్టుకొనే ఉరకాలె."

అంతలో ఫోన్. సచిన్ ఏరియాలో ఎక్కడో దారం తెగినా సాంచా ఆగడం లేదు. అన్న భజియా చేతిలో పట్టుకునే కారులోకి వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచాడు.

"చూసిన్రా, గరిటె పట్టుకొనే ఉరికిండు," అంది వదిన. "పెండ్లయిన కాడికెల్లి గిదే తలుపు."

మేం నవ్వాం. వదిన నవ్వలేదు.

ఎక్సెప్షన్ రాగానే ప్రాసెసర్‌లో ఉన్నదంతా ఒకచోట దాచి, వచ్చిన పని చూసి, మళ్లీ అంతా యథాస్థానంలో పెట్టాలి. అన్న ఆ దాచేవాటిని తగ్గిస్తూ పోయాడు. రెండు దారుల్ని ఒకటి చేశాడు. మూడోదాన్ని సందులో ఇరికించాడు.

కోడ్ ఎంత వేగమైందో, అంత అర్థం కాకుండా పోయింది.

అందరం మెచ్చుకున్నాం. ఆ తర్వాత దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మరదలి పెళ్లిలో ఉన్నా, ఆస్పత్రి క్యూలో ఉన్నా, ఫోన్ ఆయనకే.

"నా చేత్తోనే గడియ పెట్టుకున్న చెల్లె," అన్నాడు పోయిన నెల.

అందుకే దాన్ని నెమ్మది చేయడం మొదలుపెట్టాడు. కావాలనే. ఒక్కో అడుగూ విడిగా కనిపించేలా. నేను చదివి, అర్థం కానిచోట వేలు పెట్టాలి. ఆయన మళ్లీ రాస్తాడు.

"నీకూ మన టీంల మెహుల్‌కూ సమజైతే చాలు. ముగ్గురం వంతులేసుకుందం. జర నాకు రెండు ఆదివారాలు పండుకోనీకి దొర్కుతయ్."

కొత్త కోడ్ పాతదానికన్నా నెమ్మదే. కానీ సాంచా ఆగాల్సిన టైంకి ఆగుతుంది. పోయిన వారం ఉన్‌లో వాళ్ల బాపు పనిచేసే ఖాతాలోనే, అంటే సాంచాల షెడ్డులోనే, బోర్డు పెట్టి చూశాం. అన్న దారం తెంపాడు. సాంచా ఆగింది.

బాపు బట్ట తడిమి చూసి, "మంచిగనే ఉన్నది. ఇగనన్న ఇంటికి పో," అన్నాడు.

ఇవాళ ఆఫీస్ గ్రూప్‌లో అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వాటి కింద మా కంపెనీ ఓనర్ సేఠ్ మెసేజ్. "ఫాస్ట్ వాలా కోడ్ హీ రఖేంగే. దివ్యా బెన్, అబ్ సే తుమ్ దేఖ్నా."

అంటే వేగంగా నడిచే పాతదే ఉంటుంది, ఇకపై నేనే చూసుకోవాలి. గడియ లోపల ఇక నేను.

మీటింగుల్లో నోరు తెరవని మనిషిని. టైప్ చేసి చెరిపాను. మళ్లీ టైప్ చేశాను.

"అన్న కొత్తగా రాసిందే ఉంచాలి. ఖాతాలో టెస్ట్ అయింది. పాతదాన్ని నేనొక్కదాన్నే తీసుకోను."

పంపి, ఫోన్ బోర్లా పెట్టేశాను.

తర్వాత చూస్తే సేఠ్ చదివారు.

మెహుల్ ఒక్కడే కింద రాశాడు. "పెహలా సండే మేరా." మొదటి ఆదివారం వంతు తనదట.

అన్నా, నీ ఫోన్ వదిన స్విచాఫ్ చేసింది. ఇక నిన్ను ఎవరూ లేపరు.

చల్లగా పండుకో.